తెర మారింది... కథ అడ్డం తిరిగింది!

సినిమా పత్రికలో సెల్‌ఫోను గొడవేమిటని మొహం చిట్లించకండి. ఈ రోజుల్లో నాబోటి రిటైర్డు మనిషికి సినిమా హాలు ఎక్కడుందనుకుంటున్నారు? అరచేతిలోనే ఉంది! ఆరున్నర అంగుళాల హాలు. నేల, బెంచి, కుర్చీ, బాల్కనీ అన్నిటికీ ఒక్కటే టిక్కెట్టు. ఇంటర్వెల్ మన ఇష్టం. ఆ హాలుకు తెర పగిలితే, పగిలిన తెర తీసి చౌక తెర కట్టిస్తే ఏమవుతుందో అనుభవించినవాణ్ణి కనుక చెబుతున్నాను.

ముందు నా సంగతి. 1983లో గోదావరిఖనిలో బదిలీ ఫిల్లరుగా బాయిలో దిగాను. కొన్నేళ్లు తట్టా చెమ్మస్ పట్టుకుని బొగ్గు ఎత్తాక నడుము మొరాయించింది. అప్పుడు ల్యాంపు రూములో వేశారు. 2019లో రిటైరయ్యేదాకా అక్కడే ఉన్నాను. ల్యాంపు రూమంటే తెలియనివారి కోసం ఒక్కమాట. బాయిలో దిగే ప్రతి మనిషికీ టోపీ మీద ఒక లైటు, నడుముకు దాని బ్యాటరీ ఉంటాయి. ఒక్కో మనిషికి ఒక్కో నంబరు. షిఫ్టు ఎక్కేటప్పుడు మా దగ్గర తీసుకుంటారు, పైకి వచ్చాక రాక్‌లో పెడతారు, చార్జింగు ఎక్కుతుంది. రాక్‌లో ఫలానా నంబరు గడి ఖాళీగా ఉందంటే ఆ మనిషి ఇంకా భూమి కిందే ఉన్నాడని లెక్క. మస్టరు పుస్తకం కన్నా అదే నాకు నమ్మకమైన లెక్క. ఇక అద్దం పగిలిన లైటును నేనేనాడూ ఎవరికీ ఇచ్చిన పాపాన పోలేదు. "ఏమైతది కాకా, సన్నగీతేనాయె" అని బతిమాలినా సరే, పక్కన పడేసి వేరేది చేతిలో పెట్టేవాణ్ణి. అద్దం విషయంలో అంత కట్టుదిట్టమైన మనిషినన్నమాట! ఈ సంగతి గుర్తుంచుకోండి. ముందు ముందు మీకు నవ్వొస్తుంది.

సినిమా పిచ్చి నాకు బాయి పని కంటే ముందే అంటుకుంది. మా కాలంలో కొత్త బొమ్మ మా దాకా వచ్చేసరికి ప్రింటు నాలుగూళ్లు తిరిగి అరిగిపోయి ఉండేది. తెర మీద హీరో ఎండలో నడుస్తున్నా వాన కురుస్తున్నట్టే గీతలు! అయినా రెండో షిఫ్టు లేని రోజు సెకండ్ షో తప్పించింది లేదు. అరిగిన ప్రింటు చూసి చూసి విసిగినవాడికి, రిటైరయ్యాక కొడుకు కొనిచ్చిన ఫోనులో 'మాయాబజార్' చూస్తే ఏమనిపిస్తుంది చెప్పండి? 1957 నాటి బొమ్మ! దాన్ని 2010లో రంగులద్ది విడుదల చేశారు గానీ, నాకు నలుపు తెలుపులో ఉన్నదే ప్రాణం. పడవ పాటలో మార్కస్ బార్ట్లే కాయించిన వెన్నెలుందే... ఆ వెన్నెల నా అరచేతిలో కాసింది. అతిశయోక్తి అనుకోకండి.

ఎందుకలా కనిపించిందో తరువాత తెలిసింది. మా ఫోను తెర అమోలెడ్ రకం. అందులో ఒక్కో చుక్కా ఒక్కో చిన్న దీపం. నలుపు కావలసినచోట ఆ దీపం ఆరిపోతుంది, అంతే. బాయిలో పనిచేసినవాడికి ఇది విడమరిచి చెప్పనక్కరలేదు. లోపలికి వెళ్లి టోపీ లైటు ఒక్కసారి ఆర్పి చూడండి, అసలైన నలుపంటే ఏమిటో అప్పుడు తెలుస్తుంది. కన్ను తెరిచినా మూసినా ఒక్కటే. ఆ నలుపు పక్కన పెడితేనే తెలుపుకు అందం.

2023 వానాకాలంలో ఓ రాత్రి పడుకుని బొమ్మ చూస్తూ చూస్తూ కునుకు పట్టాను. ఫోను చేతిలోంచి జారి గచ్చు మీద బోర్లా పడింది. తెర మీద ఓ మూల నుంచి ఇంకో మూలకు సాలెగూడు! కంపెనీ సర్వీసు సెంటరుకు పోవాలంటే కరీంనగర్ పోవాలి. యైటింక్లయిన్ కాలనీలో ఉన్న మా క్వార్టరు నుంచి అరవై కిలోమీటర్ల పైమాట. ఫోనులో అడిగితే ఏడువేల తొమ్మిది వందలన్నారు. ఫోను ఖరీదే పద్దెనిమిది వేలు! సగానికి దగ్గర దగ్గర! గుండె గుభేలుమంది. చౌరస్తా అవతల సందులో ఒక దుకాణం ఉంది. అక్కడి పిల్లగాడు ఫోను అటూ ఇటూ తిప్పి చూసి, "కాకా, కాంబో ఏద్దాం. రెండువేల రెండొందలు. గంటల అయిపోతది" అన్నాడు.

కాంబో అంటే పైన అద్దం, దాని కింద వేలి తాకిడిని పట్టే పొర, ఆ కింద బొమ్మ చూపే పలక. మూడూ అతికించి ఒకే ముక్కగా వస్తాయి. కొందరు దాన్నే ఫోల్డరంటారు.

"అసలుదేనా బిడ్డా?"

"ఒరిజినలే కాకా. డబ్బా మీద రాసుంది సూడు."

నిజమే, రాసి ఉంది. ల్యాంపు రూములో కొత్త సరుకు వస్తే ముద్ర చూసి, నంబరు చూసి, వెలిగించి చూసి గానీ సంతకం పెట్టని మనిషిని నేను. డబ్బా మీది రాత చూసి రెండువేల రెండొందలు లెక్కపెట్టి ఇచ్చాను. పైగా, "పిన్ను చెప్పు కాకా, చెక్ చేయాలె" అంటే నాలుగంకెలూ చెప్పి, ఫోను వాడి దగ్గర వదిలేసి చాయ్ తాగడానికి పోయాను. మా వాళ్ల ఫోటోలు, పెన్షను బ్యాంకు ఖాతా, అన్నీ ఆ నాలుగంకెల వెనకే ఉన్నాయని అప్పుడు తట్టలేదు. అదృష్టం కొద్దీ ఆ పిల్లగాడు అటువంటివాడు కాదు. తెర విషయంలో కూడా వాణ్ణి దొంగ అనను. వాడికి ఆ డబ్బా ఇంకెవరో అమ్మారు, వాళ్లకు మరెవరో. నేను అడిగింది అసలు తెరా, చౌక తెరా అంటే... నిజం చెప్పొద్దూ, చౌక తెరే!

ఆ రాత్రి మళ్లీ 'మాయాబజార్' పెట్టాను. పడవ పాట వచ్చింది. వెన్నెల స్థానంలో పొగ! నది మీదంతా బూడిదరంగు. మూల నుంచి చూస్తే నీలంగా, సూటిగా చూస్తే పసుపుగా కనిపించింది. ఆ సంగతి కూడా తరువాతే తెలిసింది. వాడు అమోలెడ్ తీసి ఎల్‌సీడీ పలక వేశాడు. ఎల్‌సీడీలో చుక్కలు వాటంతటవి వెలగవు. వెనకాల ఒక పెద్ద దీపం ఎప్పుడూ వెలుగుతూనే ఉంటుంది, ముందున్న పొర దాన్ని అడ్డుకోవాలి. తలుపు మూసినా సందులోంచి వెలుతురు కారినట్టు నలుపులోకి వెలుగు కారుతుంది. ఆ వెనక దీపం ఉన్నందుకు పలక లావవుతుంది, అంచు ఫ్రేము మీద కాస్త లేచి నిలబడుతుంది. నల్లటి బొమ్మకు కూడా దీపం వెలగాల్సిందే కాబట్టి బ్యాటరీ తొందరగా దిగుతుంది. పగలు ఎండలో తెర మీద నా మొహం తప్ప మరేమీ కనిపించేది కాదు.

ఇంకొకటి పోయింది, వేలిముద్ర. మా ఫోనులో వేలిముద్ర పట్టే కన్ను తెర కింద ఉంటుంది. తెర చుక్కలే వెలిగి వేలిని చూపిస్తే, ఆ కన్ను తెరలోంచి పైకి చూస్తుంది. ఎల్‌సీడీ పలక వెనక దీపం తాలూకు పొరలు అడ్డం పడితే అది గుడ్డిదైపోతుంది. సరేలెమ్మని ప్రతిసారీ పిన్ను నొక్కడం అలవాటు చేసుకున్నాను. ఐదువేల ఏడు వందలు మిగిలాయి కదా! ఆ లెక్క చెప్పుకుని మూడు వారాలు సంతోషంగానే గడిపాను.

ఇక అసలు కథ.

మా కోడలు పురిటికి గోదావరి అవతల మంచిర్యాలలో పుట్టింట్లో ఉంది. మనవడు పుట్టి అప్పటికి ఐదో రోజు. మా ఇంటామె సాయంగా అక్కడే ఉంది. ఇంట్లో నేనొక్కణ్ణే. కొడుకు రెండో షిఫ్టు, అంటే మధ్యాహ్నం మూడింటికి దిగితే రాత్రి పదకొండుకు పైకొస్తాడు. బాయిలోకి ఫోను పోదు. బీడీకట్ట, అగ్గిపెట్టె లాగే అదీ నిషిద్ధమే. వాడి ఫోను స్విచ్ ఆఫ్ అయి పైన సంచిలో ఉంటుంది. కాబట్టి ఆ ఎనిమిది గంటలూ వాడి తరఫున జవాబు చెప్పాల్సిన ఫోను నాదే.

రాత్రి తొమ్మిదిన్నర. వాన కురిసి ఉక్క పోస్తోంది. ఫోను చార్జింగుకు పెట్టి అన్నం తింటున్నాను. మోగింది. మా ఇంటామె. వేలు పెట్టి జరిపాను. కదల్లేదు. చెయ్యి తుడుచుకుని మళ్లీ జరిపాను. ఊహూఁ. ఇంతలో నేను ముట్టుకోకుండానే ఎర్రగుండ్రం తనంతట తాను నొక్కుకుంది. కాల్ కట్!

మళ్లీ మోగింది. మళ్లీ అదే. నేను ఎత్తబోతే ఎత్తనివ్వదు, తనంతట తాను కట్ చేస్తుంది! దయ్యం పట్టిన సినిమాల్లో గాజులు చప్పుడవుతూ తలుపులు తెరుచుకుంటాయే, అలా తెర మీద ఏవేవో తెరుచుకుంటున్నాయి. ఓ సినిమా పాట మొదలైంది, ఆగింది. ఎవరో ఎప్పటి మనిషికో కాల్ వెళ్లబోయింది. చార్జరు పీకాను. దయ్యం నెమ్మదించింది గానీ తెర కింది భాగం మొద్దుబారిపోయింది. ఆపి మళ్లీ వెలిగిద్దామని వెలిగిస్తే పిన్ను అడిగింది. పై వరసలు పలుకుతున్నాయి. ఏడు, ఎనిమిది, తొమ్మిది, సున్నా పలకవు. నా పిన్నులో రెండంకెలు అక్కడే ఉన్నాయి. వేలిముద్రా, ముందే పోయింది కదా! నా ఇంటికి నేనే బయటివాణ్ణయ్యాను.

ఫోను మోగుతూనే ఉంది. పదకొండుసార్లు. తెర మీద మా ఇంటామె పేరు, కోడలి పేరు, వియ్యంకుడి పేరు మారి మారి వస్తున్నాయి. పసిగుడ్డుకేమైనా అయిందా? పచ్చి బాలింతకేమైనా అయిందా? అరచేతిలో పేరు కనిపిస్తోంది, గొంతు మాత్రం వినిపించదు. ఆ పది నిమిషాలు నాకు ముప్పయ్యారేళ్ల సర్వీసు కన్నా పొడుగనిపించాయి.

అప్పుడు పక్క క్వార్టరు పిల్లవాడు తలుపు కొట్టాడు. "పెద్దనాయనా, బాయిల బండ పడ్డదట గద! గ్రూపులల్ల ఒకటే మెసేజులు. అన్నది ఏ షిఫ్టు?"

నోట మాట రాలేదు. వాడి బండి మీదే కూర్చుని బాయికి పోయాను. గేటు దగ్గర అప్పటికే పదిమంది ఆడవాళ్లు. ఎవరినీ ఏమీ అడగలేదు. కాళ్లు వాటంతటవే ల్యాంపు రూముకు నడిచాయి. కొత్త పిల్లలు గుర్తుపట్టి లోపలికి రానిచ్చారు. కొడుకు నంబరు గడి వంక చూశాను. ఖాళీ. పక్కన వరసంతా ఖాళీయే. షిఫ్టు ఇంకా అవలేదు కదా, ఖాళీగానే ఉంటుంది! ఇరవై రెండేళ్లు ఆ గడులు చూసినవాణ్ణి, అంతమాత్రం తెలియదా? తెలుసు. తెలిసినా చూపు అక్కడి నుంచి కదల్లేదు.

సంగతేమిటంటే బండా పడలేదు, రాయీ పడలేదు. ఒక కార్మికుడికి బీపీ ఎక్కువై కళ్లు తిరిగితే స్ట్రెచరు మీద పైకి తెచ్చారు. ఆ స్ట్రెచరును చూసినవాడెవడో ఫోనులో ఒక మాట కొట్టాడు. గోదావరి దాటేసరికి ఆ మాట బండై కూర్చుంది. పదకొండుంబావుకు మావాడు మొహమంతా నల్లగా, పళ్లు మాత్రం తెల్లగా, పైకొచ్చి లైటు రాక్‌లో పెట్టాడు. "నువ్వెందుకొచ్చినవ్ బాపూ?" అన్నాడు. నేనేమీ చెప్పలేదు. వాడి ఫోను తీయించి మంచిర్యాలకు కలిపించాను.

అవతల మా ఇంటామె ఏడుపు వింటే ఇప్పటికీ ఒళ్లు జలదరిస్తుంది. "ఎత్తకపోతే నిద్రపోయినవనుకుందును. కట్ చేస్తున్నవ్! ఒక్కసారి గాదు, పదిసార్లు! సెప్పరాని మాట ఉన్నదనే కట్ చేస్తున్నవనుకున్న." మా బొగ్గుబాయి ఊళ్లలో ఎత్తని ఫోను కూడా ఒక కబురే. కట్ చేసిన ఫోనైతే ఇక చెప్పేదేముంది? కోడలు బిడ్డను ఒళ్లో పెట్టుకుని గంటన్నర గోడకు ఆనుకుని కూర్చుందట. పాలు కూడా పట్టలేదట. ఐదువేల ఏడు వందలు మిగిల్చిన ఘనుణ్ణి నేను!

మర్నాడు మొదటి బస్సుకు కరీంనగర్. సర్వీసు సెంటరులో ఫోను విప్పిన కుర్రవాడు నాకు కళ్లకు కట్టినట్టు చూపించాడు. అద్దం కింద కంటికి కనిపించని సన్నటి విద్యుత్తు వల ఉంటుంది. వేలు తగిలినచోట కొంచెం చార్జి మన ఒంట్లోకి లాగుతుంది. ఆ తేడాను ఒక చిప్పు క్షణానికి ఎన్నోసార్లు కొలిచి, వేలెక్కడుందో చెబుతుంది. చౌక తెరలో చిప్పు మోటుది, బయటి విద్యుత్తు రొదను ఆపే కవచం సరిగా ఉండదు. చార్జరు రొద, చెమట తడి, వేడి, అన్నీ దానికి వేళ్లలాగే కనిపిస్తాయి. అందుకే చార్జింగులో ఉన్నప్పుడు దయ్యం ఎక్కువ. నీళ్లు రాకుండా ఫ్రేము చుట్టూ ఉండాల్సిన జిగురు పట్టీ లేదు, మామూలు గమ్ము రాసి ఉంది. బ్యాటరీ అంచున స్క్రూడ్రైవరు గీరిన గుర్తు. "ఇది ఇంకాస్త లోపలికి దిగుంటే మంటలొచ్చేవి సార్" అన్నాడు. లిథియం బ్యాటరీకి వేడిగాలి తుపాకీ, పదునైన మొన రెండూ యముళ్లే. టోపీ లైట్లకు పాత సీసం బ్యాటరీలు పోయి లిథియం బ్యాటరీలు వచ్చిన రోజుల్లో మాకూ ఇదే పాఠం చెప్పారు. అదీ మరిచాను.

అక్కడి నుంచి నాకు ఈ తెరల చరిత్ర మీద పట్టుదల పెరిగింది. కొడుకు చేత వెతికించి చదివించుకున్నాను. 2017లో ఇజ్రాయెల్‌లోని బెన్ గురియన్ విశ్వవిద్యాలయం వారు ఒక ప్రయోగం చేశారు. నెక్సస్ 6పి ఫోనుకు, ఒక ఎల్‌జీ ట్యాబ్లెట్‌కు తెరలో పది డాలర్ల లోపు ఖరీదు చేసే సరంజామా కలిపారట. ఆ తెర యజమాని నొక్కే అంకెలు దొంగిలించింది, తనంతట తాను యాప్ ఎక్కించింది, ఫోటో తీసి మెయిలు పంపింది! ఫోను మాత్రం తన సొంత తెరను అనుమానించదు కదా, ఇంటి మనిషే అనుకుంటుంది. అది ప్రయోగశాల సంగతి. మన సందులోని దుకాణాల్లో అటువంటి తెరలున్నాయని నేననడం లేదు, ఎవరూ బెంబేలు పడొద్దు. కానీ నా ఫోను తెర నా వేలికి కాక తన వేలికి పనిచేయడం చూసినవాణ్ణి గనుక, చదువుతుంటే మెడ మీద వెంట్రుకలు లేచాయి.

కంపెనీలు మాత్రం పులుకడిగిన ముత్యాలేం కాదు. 2018లో ఆపిల్ వారి ఐఓఎస్ 11.3 ఎక్కించుకోగానే, బయటి తెర వేయించుకున్న ఐఫోన్ 8లు కొన్ని తాకితే పలకడం మానేశాయి. గోల లేచాక 11.3.1లో సరిచేశారు. తెర వెల సగం ఫోను వెలంత పెడితే జనం సందులో దుకాణానికి పోక ఎక్కడికి పోతారు? మన కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ఈ మరమ్మతు హక్కు మీద 2022 జూలైలో ఒక కమిటీ వేసింది. డిసెంబరు 24న, వినియోగదారుల దినం నాడు, ఒక పోర్టల్ కూడా తెరిచింది. మంచిదే. కానీ గోదావరిఖనిలో తెర పగిలిన కార్మికుడికి ఆ పోర్టల్ కంటే సందులో దుకాణమే దగ్గర. ఆ దుకాణంలో కూడా సరైన సరుకు దొరకదని కాదు. పాడైన ఫోన్లలోంచి విప్పిన అసలు తెరలుంటాయి, బయటి కంపెనీలు చేసిన ఓఎల్‌ఈడీ తెరలూ ఉంటాయి, వెల కాస్త ఎక్కువ. ఏ రకమో అడిగి, బిల్లు మీద రాయించుకుని, అతికించక ముందే వెలిగించి అన్ని మూలలా వేలు జరిపి చూడాలి. చార్జరు పెట్టి కూడా చూడాలి. పిన్ను చెప్పే బాధ తప్పించుకోవడానికి కొన్ని ఫోన్లలో ఉపాయమే ఉంది. సామ్‌సంగ్ వారు 2022లో, గూగుల్ పిక్సెల్ వారు 2023 చివర మరమ్మతుకిచ్చేటప్పుడు మన ఫోటోలూ లెక్కలూ దాచిపెట్టే ఏర్పాటు తెచ్చారు. ఇంతెందుకు, తీగ ఉన్న ఇయర్‌ఫోను పెట్టి దాని మీటనొక్కితే తెర ముట్టకుండానే కాల్ ఎత్తొచ్చునట! ఆ రాత్రి మేకుకు వేలాడుతూనే ఉంది ఆ ఇయర్‌ఫోను, నా కళ్లముందే.

ఏడువేల తొమ్మిది వందలూ కట్టాను. అంతకుముందు కట్టిన రెండువేల రెండొందలతో కలిపి పదివేల నూరు. ఇంటికొచ్చి, చీకటి పడ్డాక, దీపం ఆర్పి 'మాయాబజార్' పెట్టాను. పడవ కదిలింది. నది నల్లగా, వెన్నెల తెల్లగా... ఎక్కడిదక్కడ! పాట సగంలో ఉండగా ఫోను మోగింది. మంచిర్యాల నుంచి మా ఇంటామె. ఇలా వేలు జరిపానో లేదో, అలా కలిసింది.

"ఏమైంది? అందరూ మంచిగున్నరా?"

"ఏం లేదు. ఎత్తుతవో ఎత్తవోనని చేసిన" అని పెట్టేసింది.